తడిపిన ముడి

శనివారం పొద్దున పదింటికి భానుప్రకాష్ గుడివాడలో మాజీ భార్య ఝాన్సీలక్ష్మి వాళ్ల గేటు ముందు కారాపి, హారన్ కొట్టాలా వద్దా అని ఆలోచిస్తూ కూర్చున్నాడు. కొడితే ఆవిడకి కోపం వస్తుంది. కొట్టకపోతే వచ్చినట్టు ఎవరికీ తెలియదు. ఏడాదిన్నరగా నెలకి రెండు శనివారాలు అతనికి ఈ గేటు ముందు ఇదే అవస్థ. అవి కోర్టు ఇచ్చిన శనివారాలు. పది నుంచి అయిదు దాకా కూతురు లహరి అతనిది. అయిదు దాటితే కాదు.

విడిపోవడానికి పెద్ద కారణం కూడా ఏం లేదు. ఒకరాత్రి మాటా మాటా పెరిగింది. బతిమాలతారులే అన్న ధైర్యంతో బ్యాగు సర్దుకుని వీధిలోకి వచ్చాడు. ఎవరూ బతిమాలలేదు. మళ్లీ లోపలికి వెళ్లడానికి మొహం చెల్లక బందరు పోయి, రొయ్యల మేత వ్యాపారంలో తల దూర్చేశాడు. ఆ రాత్రి గుమ్మంలో నిలబడి చూసిన పిల్లకి ఇప్పుడు ఎనిమిదేళ్లు.

శనివారాల్లో అతను చేసేదేముంది? ఐస్‌క్రీము, సినిమా, బొమ్మల షాపు. పిల్ల పెట్టింది తినేది, చూపించింది చూసేది, సాయంత్రం గేటు దగ్గర దింపితే "థాంక్యూ నాన్నా" అనేది. చుట్టానికి చెప్పినట్టు కన్నకూతురు థాంక్యూ చెబితే ఎలా ఉంటుందో అనుభవించినవాడికే తెలుస్తుంది. అందుకే పోయినసారి పిల్ల తనంతట తాను ఒక కోరిక కోరేసరికి అతనికి ఏనుగెక్కినంత సంబరమైంది. సముద్రం ఒడ్డున తాబేలు పిల్లలు ఇసకలోంచి బయటికొస్తాయట. తెల్లవారుజామున వాటిని నీళ్లలోకి వదులుతారట. స్కూల్లో వీడియో చూపించారట. చూడాలట.

మర్నాడే భానుప్రకాష్ తెలిసినవాళ్లని పట్టుకున్నాడు. కోడూరు అవతల మడ అడవుల్లో, ఫారెస్టువాళ్లు తాబేలు గుడ్లు కాపాడే దిబ్బ ఒకటుంది. దాని మీద ఒక రాత్రి టెంటు వేసుకోవడానికి కాయితం సంపాదించాడు. బెజవాడ వెళ్లి టెంటు కొన్నాడు. దాంతోపాటు మడతకత్తి, రెండు టార్చీలు, దోమల మందు, అడవికి ఇవన్నీ కావాలని షాపులో కుర్రాడు ఎన్ని అంటగడితే అన్నీ కొన్నాడు. ఇక మిగిలింది ఝాన్సీలక్ష్మిని ఒప్పించడం. అది పిల్ల చేసింది. మూడురోజులు అన్నం మానేసి మరీ చేసింది.

ఆవిడ గేటు తీసి, పిల్ల బ్యాగు కారులో పెట్టింది. రేపు పన్నెండింటికల్లా ఇక్కడుండాలని, నీళ్లలోకి దింపవద్దని, బయట చేపలవీ తినిపించవద్దని చెప్పింది. పిల్లకి ఏమన్నా అయితే మళ్లీ శనివారాలన్న మాటే ఉండదని కూడా చెప్పింది. అన్నీ మీరు, అండీ అంటూనే చెప్పింది. ఆ మర్యాదే అతనికి అన్నిటికన్నా ఎక్కువ గుచ్చుకుంటుంది.

"ఇంకోటి. నిద్రలో లేచి నడుస్తుంది. మేం తలుపు గడియ పైన వేస్తాం."

ఎప్పటినుంచి అని అడిగాడతను, తెలియని తండ్రిలాగే.

"మీరు వెళ్లిన దగ్గర్నించి."

పామర్రు, చల్లపల్లి, మోపిదేవి దాటేదాకా ఆ మాట అతన్ని వదల్లేదు. అవనిగడ్డలో కారాపి పులిహోర పొట్లాలు కట్టించాడు. పక్క కొట్లో నూలు తాడు కనపడితే నాలుగు బారలు కొలిపించాడు. నైలాను తాడైతే పిల్ల నడుం ఒరుసుకుంటుంది. నూలుదైతే మెత్తగా ఉంటుంది, పైగా తడిపితే బిగుస్తుంది.

తాడు సంగతి అతనికి వేరేవాళ్లు నేర్పనక్కర్లేదు. అతను పుట్టింది ఆ దివిసీమలోనే, నాయనమ్మ కొండమ్మ చేతుల్లో పెరిగాడు. గాలి కాస్త గట్టిగా వీచిన రాత్రల్లా ఆ ముసలావిడ మనవణ్ణి తన నడుముకి చేంతాడుతో కట్టుకుని పడుకునేది. ముడి వేసి, దాని మీద చెంబుతో నీళ్లు పోసేది. తడిసిన ముడి బిగిసి రాయయ్యేది. తెల్లారాక ఆవిడకి కూడా విప్పడానికి వచ్చేది కాదు, కత్తిపీటతో కోసేది. దివిసీమలో ఆ ఈడువాళ్లు చాలామందికి ఉప్పెన మిగిల్చిన అలవాట్లు ఏవో ఒకటి ఉంటాయి, ఎవరూ వింతగా చూడరు. భానుప్రకాష్‌కి మాత్రం తాడంటే భయం కాదు. నడుముకి తాడు బిగిస్తేనే అతనికి హాయిగా నిద్రపట్టేది. ప్రేమంటే అతనికి అదే.

ఊరు ఆ కథలో మిగతా సగం చెప్పేది, అతను వినేవాడు కాదు. డెబ్బై ఏడు ఉప్పెన రాత్రి కొండమ్మ కొడుకులిద్దరినీ చెరో పక్కా నడుముకి కట్టుకుంది. పెద్దవాడికి గట్టి ముడి పడింది. ఆరేళ్ల చిన్నవాడికి కంగారులో జారుముడి పడింది. చెట్టు పట్టుకున్న చెయ్యి ఇద్దరి బరువూ ఆపలేకపోయింది. జారుముడి దానంతట అది జారిందని ఆవిడ చెప్పింది. ఒక కొస ఎవరో లాగితేగానీ జారుముడి జారదని ఊరు చెప్పింది. ఆ చిన్నవాడి పేరు వాళ్లింట్లో మళ్లీ ఎవరూ పలకలేదు. పెద్దవాడి కొడుకే ఈ భానుప్రకాష్.

కారు రేవు దగ్గర వదిలేసి, పాయలో అరగంట పడవ ప్రయాణం. పడవ నడిపింది అంకమ్మరావు, దిబ్బ మీద తాబేలు గుడ్లకి కాపలా ఉండే వాచర్. యాభై దాటిన మనిషి, బెస్తవాడు, నీళ్లలో పుట్టి నీళ్లలో పెరిగినవాడు. లహరి అడిగిన ప్రతి ప్రశ్నకీ పెద్దవాళ్లకి చెప్పినట్టు ఓపిగ్గా జవాబు చెప్పాడు. దిబ్బ చేరాక, వల కట్టిన దడి లోపల గుడ్లు పాతిన గుంతలు చూపించాడు. ప్రతి గుంతకీ ఒక పుల్ల, పుల్లకి తేదీ కట్టిన అట్టముక్క. ఈ రాత్రికి ఫలానా గుంత పగులుతుందని చెబితే పిల్ల అక్కడే గొంతుక్కూర్చుని, ఇసకకి చెవి ఆనించి వింది.

పడవ దగ్గర సామాను దింపుకుంటున్నప్పుడు భానుప్రకాష్ ఒకటి గమనించాడు. ఒడ్డున లావుపాటి సరుగుడు మాను ఉండగా, అంకమ్మరావు పడవని దానికి కట్టకుండా, శ్రమపడి లంగరు దించుతున్నాడు. ఎందుకని అడిగాడు.

"ఈ దిబ్బ మీద మేం ఏదీ కట్టమండి," అన్నాడు అంకమ్మరావు. "ఉప్పెన రాత్రి ఎత్తుగా ఉంటుందని జనమంతా ఇక్కడికే వచ్చారు. చెట్లకి కట్టుకున్నారు, ఒకళ్లనొకళ్లు కట్టుకున్నారు. అప్పట్నించీ ఇక్కడ కట్టిన తాడుకి రెండు కొసలుండవండి. మూడుంటాయి."

భానుప్రకాష్ నవ్వేశాడు. మా నాయనమ్మ కూడా ఆ నీళ్లలో ఈదిందే అని చెప్పబోయి, ఎందుకో ఊరుకున్నాడు.

చీకటి పడబోతుండగా అంకమ్మరావు రేకు డబ్బా పట్టుకుని వచ్చాడు. టార్చీలు, ఫోన్లు అందులో వేయమన్నాడు. తాబేలు పిల్లలు వెలుతురెక్కడుంటే అటు పోతాయి, సముద్రం అనుకుంటాయి. దిబ్బ మీద ఒక్క అగ్గిపుల్ల గీసినా దారి తప్పి ఎండకి మాడి చస్తాయి. అందుకని తెల్లారేదాకా వెలుతురు నిషేధం. అమావాస్య రోజులు, పసిపిల్లతో ఉన్నాను, ఒక్క టార్చీ అయినా ఉంచమని భానుప్రకాష్ గొణిగాడు. లహరి తండ్రి జేబులోంచి ఫోను తనే తీసి డబ్బాలో వేసింది. అంకమ్మరావు డబ్బా తీసుకుని, దిబ్బకి ఆ చివరనున్న తన పాకకి వెళ్లిపోయాడు.

టెంటు సముద్రానికి వంద అడుగుల దూరంలో, సరుగుడు చెట్ల నీడన ఉంది. ఇద్దరూ చీకట్లో పులిహోర తిన్నారు. చుక్కలు ఎన్ని ఉన్నాయో చూసి పిల్ల తల ఎత్తి అలాగే ఉండిపోయింది. ఎర్రపీతలు కాళ్ల మీంచి పాకుతుంటే కిలకిలా నవ్వింది. ఏడాదిన్నరలో అతను ఆ నవ్వు వినడం అదే మొదటిసారి. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి, చీకటి కాబట్టి సరిపోయింది. ఇక నుంచి పిల్లే అడిగి మరీ వస్తుంది, కోర్టు కాయితాలతో పనుండదు, అనుకున్నాడు. ఆశ అలాంటిది, చిటికెడు దొరికితే చాలు, మనిషి దాని మీద మేడ కట్టేస్తాడు.

పడుకునే ముందు తాడు తీశాడు. అంకమ్మరావు మాట గుర్తుకు రాకపోలేదు. కానీ పక్కన సముద్రం, నిద్రలో నడిచే పిల్ల. ఏ తండ్రయినా కడతాడు. రెండు బారల తాడు కోసి, ఒక కొస తన నడుముకీ, ఒక కొస పిల్ల నడుముకీ గట్టిగా ముడి వేసి, సీసాలో నీళ్లు రెండు ముళ్ల మీదా పోశాడు. నీళ్లెందుకని అడిగింది లహరి. మా నాయనమ్మ ఇలాగే చేసేదని చెప్పాడు.

"ఎందుకు?"

"ఎవరూ వదిలిపోకుండా."

"మరి నువ్వు వెళ్లిపోయావుగా."

అతను చీకట్లో పిల్ల తల నిమిరాడు. "ఇంక వెళ్లను. నిన్నెప్పుడూ వదలను," అన్నాడు. నెలకి రెండు శనివారాల తండ్రులు అందరూ అనే మాటే అది. కానీ అతను నిజంగానే అన్నాడు. పిల్ల కూడా నమ్మినట్టే ఉంది, కాసేపటికి అటు తిరిగి నిద్రపోయింది.

అతనికి మెలకువ వచ్చేసరికి ఎంత రాత్రయిందో తెలియదు.

ముందు తెలిసింది వాసన. సాయంత్రం వీచిన ఉప్పుగాలి కాదు. బావిలో పూడిక తీసినప్పుడు అట్టడుగు నుంచి వచ్చే నల్లబురద వాసన. ముక్కుకి కాదు, నాలుకకి తగులుతోంది. ఆ తర్వాత తెలిసింది నిశ్శబ్దం. అలల హోరు లేదు. సరుగుడు చెట్లలో గాలి లేదు. దూరంగా ఎక్కడో నీళ్లు ఇసకలోకి ఇంకుతున్న చిన్న చప్పుడు... దూరంగా కాదు. దగ్గరగానే.

ఆ తర్వాత తెలిసింది నడుం దగ్గర తాడు. బిగిసి ఉంది.

చేత్తో తడిమాడు. తాడు అతని నడుము నుంచి తిన్నగా కాళ్ల మీదుగా వెళ్లి, టెంటు జిప్పు సందులోంచి బయటికి పోయింది. జిప్పు తెరిచి ఉంది. పిల్ల లేచి నడిచింది, అనుకున్నాడు. కట్టడం ఎంత మంచిదైంది, అని కూడా అనుకున్నాడు. నిద్రలో నడిచేవాళ్లని ఉలిక్కిపడేలా లేపకూడదని ఎక్కడో విన్నాడు. తాడు పట్టుకుని మెల్లగా తన వైపు లాగాడు.

అటునుంచి కూడా ఎవరో అంతే మెల్లగా లాగారు.

"లహరీ..." అన్నాడు గొంతు తగ్గించి.

"ఊఁ... నాన్నా."

ఆ మాట బయటి నుంచి రాలేదు. అతని ఎడమచెవి పక్కనుంచి వచ్చింది.

అతని పై ప్రాణాలు పైనే పోయాయి. చిన్న చెయ్యి ఒకటి అతని మణికట్టు పట్టుకుంది. వెచ్చగా ఉంది. పిల్ల పక్కనే ఉంది, పడుకున్నచోటే ఉంది. గబగబా తడిమాడు. జుట్టు, చెంప, భుజం, నడుం. నడుముకి తాడుంది, తడి ముడి ఉంది. ఆ తాడు వెంట చెయ్యి జరుపుకుంటూ వచ్చాడు. అది వచ్చి అతని నడుముకే చేరింది, ఎడమపక్క.

బయటికి పోయిన తాడు కుడిపక్కది.

అతను వేసింది ఒకే తాడు. ఇప్పుడు నడుముకి రెండున్నాయి. రెండూ నూలువే. రెండు ముళ్లూ తడివే, రెండూ తను వేసినట్టే ఉన్నాయి. కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. ఏది ముందు కట్టింది, ఏది వెనక వచ్చింది... వేళ్లకి ఏం తెలుస్తుంది?

అప్పుడు బయట నుంచి వినపడింది.

"నాన్నా... చలేస్తోంది."

అదే గొంతు. లహరి గొంతు. నీళ్లలోంచి వస్తోంది.

"అది నేను కాదు నాన్నా," అంది పక్కనున్న పిల్ల, చెవిలో.

బయటి తాడు ఒక్కసారి గుంజింది. అతను వెల్లకిలా పడి జానెడు ముందుకి జారాడు. కాళ్లు టెంటు బయటికి వచ్చాయి. మడమలకి నీళ్లు తగిలాయి. వంద అడుగుల దూరంలో ఉండాల్సిన సముద్రం గుమ్మంలో ఉంది. మళ్లీ గుంజింది. అల వెనక్కి పోయినప్పుడల్లా తాడు అతన్ని లాక్కుపోతోంది, అతనితో పాటు ఎడమపక్క తాడుకున్న పిల్లనీ. అతను "అంకమ్మరావ్!" అని గొంతు చించుకుని అరిచాడు. దిబ్బ ఆ చివర నుంచి జవాబు లేదు. మళ్లీ అరిచాడు. ఏమీ లేదు.

నడుం ముడి విప్పబోయాడు. వేళ్లు జారాయి. నీళ్లు పోసి మరీ బిగించాడు కదా.

జేబులో మడతకత్తి ఉంది.

కొయ్యాలి. ఏది? ఈ ఇద్దర్లో ఒకతి అతని కూతురు. అడిగితే తెలుస్తుంది, అనుకున్నాడు. లహరికి మాత్రమే తెలిసింది ఏదైనా అడగాలి. నోరు తెరిచాడు.

అతని దగ్గర ప్రశ్న లేదు.

క్లాసు టీచరు పేరు అడుగుదామంటే, జవాబు అతనికి తెలియదు. స్నేహితురాలి పేరు తెలియదు. దేనికి భయపడుతుందో, ఏ కూర ఇష్టమో, జ్వరం వస్తే ఏం కలవరిస్తుందో, ఏదీ తెలియదు. ఐస్‌క్రీముల్లో ఏ రకం ఇష్టమో కూడా తెలియదు, ఎందుకంటే పెట్టింది తినేది. సాయంత్రం మాట్లాడుకున్నవి ఉన్నాయి, కానీ ఈ దిబ్బ మీద ఉన్నదేదైనా అవన్నీ వినే ఉంటుంది. వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికింది. ఎప్పటిదో, అందరూ కలిసి ఉన్నప్పటిది.

"చిన్నప్పుడు... మనింట్లో మేడమీద... మనం ఏం పెంచాం? చెప్పు తల్లీ..."

"గుర్తులేదు నాన్నా," అంది పక్కనున్నది.

"గుర్తులేదు నాన్నా..." అంది నీళ్లలో ఉన్నది.

కుందేళ్లు పెంచారు. అప్పుడు పిల్లకి మూడేళ్లు నిండలేదు. ఏ పిల్లకి గుర్తుంటుంది?

మళ్లీ గుంజింది. ఈసారి నీళ్లు తొడల దాకా వచ్చాయి. పక్కనున్న పిల్ల రెండు చేతులతో అతని మెడ కావలించుకుంది. బుగ్గకి బుగ్గ ఆనించింది. ఎంత వెచ్చగా ఉందో! ప్రాణమున్నదే వెచ్చగా ఉంటుంది, అనుకున్నాడతను. సముద్రంలో నడుం లోతు దిగిన పిల్ల చలితో వణక్క వెచ్చగా ఎలా ఉంటుందన్నది అప్పుడతనికి తట్టలేదు. తర్వాత తట్టింది. ఆ తర్వాత ప్రతి రాత్రీ తట్టింది.

"కోసెయ్ నాన్నా," అంది చెవిలో.

"నాన్నా... తాడు వదలకు..." అంది నీళ్లలోంచి.

కత్తి తెరిచాడు. కుడిపక్క తాడు మీద పెట్టాడు. నూలు తాడు తడిసి ఉంది, ఒక్క కోతకి తెగలేదు. కొయ్యాలి... కొయ్యాలి... ఒక్కో పోగూ తెగుతుంటే నీళ్లలో ఉన్నదానికి తెలుస్తూనే ఉంది. లాగడం ఆగిపోయింది. ఏడుపు లేదు, అరుపు లేదు. ఆఖరి పోగు తెగబోయే ముందు అటునుంచి చిన్నగా ఒక మాట వచ్చింది. అన్నం మాని మారాం చేసిన పిల్ల, చెబితే విన్నప్పుడు అనే మాట.

"సరే నాన్నా."

తాడు తెగింది. ఒక్కసారిగా అలల హోరు మొదలైంది, సరుగుడు చెట్లలో గాలి మొదలైంది. సముద్రం తన చోట తను ఉంది. టెంటు కింద ఇసక పొడిగా ఉంది. భానుప్రకాష్ పిల్లని గుండెకి హత్తుకుని, తెల్లారేదాకా అలాగే కూర్చున్నాడు.

వెలుతురు రాగానే మొదట మొహం చూశాడు. లహరే. అదే ముక్కు, చెవి పక్కన అదే మచ్చ, అదే గళ్ల గౌను. నడుముకి తాడు. అతను ఏడ్చాడు, నవ్వాడు, పిల్ల నుదుటి మీద పదిసార్లు ముద్దుపెట్టాడు. పీడకల కూడా కావచ్చు అనుకున్నాడు. కానీ అతని నడుముకి కుడిపక్క తెగిన తాడు ముక్క వేలాడుతూనే ఉంది.

అంకమ్మరావు వచ్చాడు. తాబేలు పిల్లల్ని బుట్టలో తెచ్చి ఇసకలో వదిలాడు. బొటనవేలంత పిల్లలు, ఇసకలో పడుతూ లేస్తూ నీళ్ల వైపు పోయాయి. లహరి నిలబడి చూసింది. అయిపోయాక, ఇంక వెళ్దామా అంది. అంతకుమించి ఏమీ అనలేదు. అంకమ్మరావు ఫోను, టార్చీలు తిరిగిచ్చేటప్పుడు తెగిన తాడు వైపు చూసి, భానుప్రకాష్‌ని పక్కకి పిలిచాడు.

"రాత్రి మీరు పిలిచారు. విన్నానండి. రెండు గొంతులు కూడా విన్నాను. రాలేదు," అన్నాడు. "వస్తే నన్ను చెప్పమంటారు, ఏది కొయ్యాలో. ఉప్పెన రాత్రి మా అమ్మని అడిగారు ఎవరో. ఆవిడ చెప్పింది. తర్వాత ముప్పై ఏళ్లు నిద్రపోలేదండి."

పడవలో తిరిగి వచ్చేటప్పుడు అంకమ్మరావు ఒక్కసారి కూడా పిల్ల వైపు చూడలేదు.

పన్నెండుకి అయిదు నిమిషాలుండగా కారు గుడివాడ గేటు ముందు ఆగింది. తల్లి చూస్తే తెలుస్తుంది, తల్లి దగ్గరకి తీసుకుంటే చాలు, తన భయం పోతుంది. ఝాన్సీలక్ష్మి వచ్చింది. పిల్ల పరిగెత్తి వెళ్లి నడుం వాటేసుకుంది. ఆవిడ నవ్వి, తల నిమిరి, ఎండకి నల్లబడ్డావని విసుక్కుని లోపలికి తీసుకెళ్లింది. భానుప్రకాష్ భయం తీరి, వెంటనే బయల్దేరాలనిపించక కారుకి ఆనుకుని అక్కడే ఉండిపోయాడు.

అరగంట తర్వాత ఆవిడ మళ్లీ బయటికి వచ్చింది. ఒక చేత్తో పిల్ల చెయ్యి పట్టుకుని ఉంది, రెండో చేత్తో పెద్ద సూట్‌కేసు లాక్కొస్తోంది. పిల్లని కారులో కూర్చోబెట్టి తలుపు వేసింది. సూట్‌కేసు డిక్కీలో పెట్టింది. అప్పుడు అతని ముందుకొచ్చి నిలబడింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మీరే ఉంచుకోండి. కాయితాలు లాయరు చేత పంపిస్తాను."

అతను ఏదో అనబోయాడు. ఆవిడ వినలేదు.

"అన్నీ అడిగాను. టీచరు పేరు, పక్కింటి కుక్క పేరు, మొన్న ఎందుకు కొట్టానో కూడా అడిగాను. అన్నీ సరిగ్గా చెప్పింది. ఏడు ఎనిమిదులెంత అని అడిగితే యాభై ఆరు అంది." ఆవిడ కారు వైపు ఒకసారి చూసి, చూపు తిప్పేసుకుంది. "మా లహరి యాభై నాలుగంటుందండీ. ఎన్నిసార్లు చెప్పినా యాభై నాలుగే అంటుంది."

ఆవిడ లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. కారు అద్దంలోంచి పిల్ల ఆ తలుపు వైపు చూడలేదు. అతన్నే చూస్తోంది.

ఇది జరిగి ఏడాది దాటింది. భానుప్రకాష్ కోరుకున్నది కోరుకున్నట్టే దక్కింది. పిల్ల బందరులో అతని దగ్గరే ఉంటుంది, నెలకి రెండు శనివారాలు కాదు, రోజూ. చదువులో మొదటి ర్యాంకు. ఏ తగువూ లేదు, ఏ మారామూ లేదు. అతను ఏ గదిలో ఉంటే ఆ గదిలో ఉంటుంది. రాత్రి అతనికి ఎప్పుడు మెలకువ వచ్చినా, పక్కన ఆ పిల్ల కళ్లు తెరిచే ఉంటాయి. అప్పుడు కొన్న యూనిఫాం ఇప్పటికీ సరిగ్గా సరిపోతోంది. టీచర్లు అడిగితే మా ఇంట్లో అందరూ పొట్టే అని చెబుతున్నాడు.

ఝాన్సీలక్ష్మి ఎవరికి ఫిర్యాదు చేస్తుంది, ఏమని చేస్తుంది? పిల్ల కళ్లెదుటే ఉందాయె. ఆవిడ కోడూరు దారి కనుక్కుని, అంకమ్మరావుని పట్టుకుంది. నెలకి రెండు శనివారాలు ఆ దిబ్బ మీద పడుకుంటోంది. ఇదంతా భానుప్రకాష్‌కి నిన్న సాయంత్రం అంకమ్మరావు ఫోను చేస్తేనే తెలిసింది.

"మేడంగారు నూలు తాడు నడుముకి కట్టుకుని, రెండో కొస ఉత్తదే నీళ్లలో వదులుతారండి," అన్నాడు అంకమ్మరావు. "పొద్దున్నే లాగితే ఆ కొసకి ముడి ఉంటుంది. చిన్నపిల్ల నడుమంత. ప్రతిసారీ ఉంటుంది. మొదట్నించీ అవన్నీ దాచారండి. మొన్న పక్కపక్కన పెట్టి చూపించారు. పోయినేడుకీ ఈ ఏడుకీ... ముడి పెద్దదవుతోందండి. పిల్ల ఎదుగుతున్నట్టు."

భానుప్రకాష్ ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"మేడంగారు మిమ్మల్ని ఒకటే అడగమన్నారండి. తాడు కోసేటప్పుడు, ఆఖర్న పాప ఏమందీ అని."

ఆ రాత్రి కోసిన సంగతి అంకమ్మరావు చెప్పి ఉంటాడు. కానీ ఆ మాట అతను ఎవరికీ చెప్పలేదు. ఏ తల్లికైనా ఎలా చెబుతాడు?

"ఏమీ అనలేదు," అన్నాడు. "చెప్పు ఆవిడకి. ఏమీ అనలేదు."

వెనక బల్ల దగ్గర కూర్చుని హోంవర్కు చేసుకుంటున్న పిల్ల తల ఎత్తకుండానే అంది.

"సరే అంది కదా నాన్నా."